కొండ దిగివచ్చినవారి మాటలు

హిమాలయ పాదములయందలి ఊళ్లలో, ఉత్తరకాశిలోగాని, మనాలిలోగాని, ఖాట్మండు నగరమునందలి థమేల్ వీధులలోగాని, ఎవరెస్టుకు పోవు దారిలోని నామ్‌చే బజారులోగాని, సాయంకాలమున ఏ టీకొట్టు బల్లమీదనో కూర్చుండి కొండ దిగివచ్చినవారును కొండ ఎక్కబోవువారును మాటలాడుకొనుచుండగా వినుట తటస్థించినవానికి మొదట కొంత ఆశాభంగము కలుగును. శిఖరముమీది సూర్యోదయమును గూర్చియు, మేఘములకు పైనుండి చూచిన లోకమును గూర్చియు వారు వర్ణింతురని మనము చెవియొగ్గి కూర్చుండగా, వారి నోట వెలువడునవి వేరు మాటలు: ఏ బూటు ఎవరి మడమను కొరికినది, ఏ వాగుమీది మంచువంతెన కూలిపోయినది, ఏ స్టౌ ఎంత ఎత్తున మొరాయించినది, ఎవనికి రెండవ శిబిరములో తలనొప్పి పట్టుకొన్నది, ఎవరు ఎక్కడనుండి వెనుకకు మరలిరి. వానవెలిసిన తరువాత పొలమునుండి వచ్చుచున్న రైతును చూచి, పొలమునకు పోవుచున్న రైతు కుశలమైనను అడుగక మునుపే "పదునెట్లున్నది?" అని అడుగునట్లు, దిగివచ్చినవానిని ఎక్కబోవువాడు మొట్టమొదట అడుగునది "పైన మంచు ఎట్లున్నది?" అనియే. ఈ మాటలను కొంతకాలము శ్రద్ధతో విన్నమీదట, ఇవి పొద్దుపుచ్చుకొను మాటలు కావనియు, పర్వతారోహణవిద్యలో ప్రాణమును కాపాడు భాగము చాలవరకు ఈ మాటలలోనే ఒకరినుండి ఒకరికి సంక్రమించుచున్నదనియు బోధపడును.

ఎందువలననగా పర్వతము స్థిరమైనదే కాని దానిమీది దారి స్థిరమైనది కాదు. శిఖరముయొక్క ఎత్తు పుస్తకములో ఉండును, దాని రూపము పటములో ఉండును. కాని ఈ వారమున ఆ వాలుమీద క్రొత్తమంచు ఎంత పడినది, దానిక్రింది పాతమంచుతో అది అతుకుకొన్నదా లేదా, గాలి ఏ దిక్కునుండి వీచి ఏ ప్రక్కను మంచును గుట్టవేసినది, అను సంగతులు నిన్నటిదినమున ఆ దారిని నడచినవానికి తప్ప మరి యెవ్వరికిని తెలియవు. ముప్పది డిగ్రీలకు తక్కువైన వాలుమీద మంచు సాధారణముగా నిలుచును. మిక్కిలి నిట్రమైన వాలుమీద పడినది పడినట్లే జారిపోవును. ఈ రెంటికి నడుమ, అనగా సుమారు ముప్పదినుండి నలువదియైదు డిగ్రీలవరకు గల వాలులే, చూచుటకు నడువదగినవిగా కనబడుచునే, హిమచరియలకు ఆటపట్టులై యుండును. ఒకే వాలు అర్ధరాత్రివేళ రాతివలె గట్టిపడి బూట్లకు కట్టిన క్రాంపాన్ల ముండ్లను చక్కగా పట్టుకొనును. మధ్యాహ్నమగుసరికి ఎండకు మెత్తబడి కాలు మోపిన చోటనెల్ల దిగబడును. అందుచేతనే శిఖరయాత్రలు అర్ధరాత్రికో, ఆ తరువాత కొంతసేపటికో ఆరంభమగును. మన తెలంగాణమునుండి పోయిన కుర్రవాండ్రు ఇద్దరు దారిలో ఎదురుపడినచో, "అన్నా, పైన ఎట్లున్నది?" అని ఒకడు అడుగును, "పొద్దుగాల గట్టిగనే ఉన్నది తమ్మీ, ఎండ పడ్డంక మోకాలు దాకా దిగబడుతున్నది, పది గొట్టకముందే ఆ వాలు దాటుండ్రి" అని రెండవవాడు చెప్పును. ఇంతే మాట. కాని ఈ చిన్నమాటలో కాలము, స్థలము, ఉపాయము, హెచ్చరిక నాలుగును ఉన్నవి. వాతావరణశాఖవారి సూచన ఎంత మేలైనదైనను ఇంత దగ్గరనుండి చెప్పజాలదు.

దారి ఎంతటి చంచలమైనదో తెలిసికొనవలెనన్నచో ఎవరెస్టునకు దక్షిణపు దారిలో మొదట ఎదురగు ఖుంబూ మంచుజలపాతమును తలచుకొన్న చాలును. అది నిలిచిన నీరు గాదు, నిలిచిన మంచును గాదు. పైనున్న హిమానీనదము నిట్రముగా క్రిందికి దిగుచు, దినమునకు సుమారు ఒక మీటరు చొప్పున కదలుచు, మేడలంతేసి మంచుదిమ్మలుగా పగులుచు, ఆ పగుళ్లనడుమ అడుగు కానరాని బీటలను తెరచుచు మూయుచు ఉండు చోటు. ఏటేట వసంతమున యాత్రికులకంటె ముందుగా కొందరు షేర్పాలు అక్కడికి చేరి, బీటలమీద అల్యూమినియపు నిచ్చెనలు వేసి, త్రాళ్లు బిగించి, దారి కల్పింతురు. వారిని అందరును 'ఐస్‌ఫాల్ డాక్టర్లు' అని పిలుతురు. వారు దారి వేయుటతో పని ముగియదు. నిన్న వేసిన నిచ్చెన నేడు వంగియుండవచ్చును, నేడు దాటిన బీట రేపు వెడల్పు కావచ్చును. కావున ప్రతి ఉదయమును వారు దిగివచ్చి చెప్పు మాటకొరకు క్రిందనున్న శిబిరములన్నియు ఎదురుచూచును. 2014 ఏప్రిల్ 18వ తేదీన ఎవరెస్టుయొక్క పడమటి భుజమునుండి విరిగిపడిన మంచు ఆ దారిలో బరువులు మోయుచున్న 16 మంది నేపాళీ కార్మికులను బలిగొన్నది. మరుసటి సంవత్సరము దారిని ఆ భుజమునకు దూరముగా, నడిమివైపునకు జరిపిరి. శిఖరములెక్కినవారి పేళ్లు లోకమునకు తెలిసినంతగా ఈ దారి వేసినవారి పేళ్లు తెలియకపోవుట నాకు ఎన్నడును న్యాయముగా తోచలేదు. కొండయొక్క నేటి సంగతి అందరికంటె ముందుగా ఎరిగి, అందరికిని చెప్పువారు వారే.

ఎవరెస్టు విజయకథను మనము పాఠ్యపుస్తకములలో చదివినపుడు 1953 మే 29వ తేదీ, హిల్లరీ, టెన్సింగ్ అను రెండు పేళ్లు, ఒక జెండా, అంతటితో ముగియును. కాని ఆ కథను ఒక సంభాషణగా చదివినచో అది మరింత సత్యముగను, మరింత సుందరముగను కనబడును. అంతకు ముందటి సంవత్సరము, 1952 మే నెలలో, స్విట్జర్లాండు బృందమునకు చెందిన రేమాన్ లాంబర్ట్ అను గైడును, మన డార్జిలింగు టెన్సింగును సుమారు 8,400 మీటర్ల ఎత్తున ఒక చిన్న గుడారములో రాత్రి గడపిరి. వారివద్ద పడకసంచులు లేవు, స్టౌ లేదు. ఒక కొవ్వొత్తి మంటమీద డబ్బాలో మంచు కరిగించి, ఆ నీటితో నాలుక తడుపుకొనిరి. నిద్రించినచో తిరిగి లేవమేమో అను భయముచే ఒకరినొకరు తట్టుకొనుచు తెల్లవార్చి, మరునాడు సుమారు 8,595 మీటర్లవరకు ప్రాకిపోయి, ఇక ముందునకు పోయినచో వెనుకకు రాజాలమని గ్రహించి మరలిరి. అంతవరకు మానవుడు అంత ఎత్తునకు పోయిన జాడ లేదు. ఆ లాంబర్టునకు పాదములకు వ్రేళ్లు లేవని చెప్పినచో పాఠకులు ఆశ్చర్యపడుదురు. 1938లో ఆల్ప్సు పర్వతములలో శీతకాలపు తుపానులో చిక్కుకొని, మంచుకాటునకు వ్రేళ్లన్నియు పోగొట్టుకొని, పొట్టిబూట్లు చేయించుకొని, అతడు మరల కొండలెక్కనారంభించెను.

స్విట్జర్లాండువారు తమకు తెలిసిన విషయములను తరువాత వచ్చు బ్రిటిషువారికి దాచుకొనక చెప్పిరి. దారిలో గాలి ఎట్లుండును, శిబిరములు ఎంతెంత దూరమున నుండవలెను, ఆక్సిజను పరికరములు ఎక్కడ పనిచేయలేదు, అను సంగతులన్నియు జాన్ హంట్ నాయకత్వమున బయలుదేరిన బృందమునకు తెలిసినవి. అన్నింటికంటె మించి, ఆ దారిని స్వయముగా నడచిన టెన్సింగే వారి జట్టులో ఉండెను. 1953 మే 26వ తేదీన మొదట పోయిన జంట హిల్లరీ, టెన్సింగ్ కారు; టామ్ బోర్డిలాన్, చార్లెస్ ఇవాన్స్ అనువారు. వారు దక్షిణ శిఖరమునకు చేరుసరికి మధ్యాహ్నము ఒంటిగంట అయ్యెను. అసలు శిఖరము ఇక నూరు మీటర్ల ఎత్తులో మాత్రమే కలదు. ఇవాన్సుయొక్క ఆక్సిజను పరికరము సరిగా పనిచేయకుండెను, ప్రొద్దు మించిపోవుచుండెను. ఆ చోట నిలిచి, అంతకు పూర్వ మెవ్వరును దగ్గరనుండి చూచియుండని తుదియంచును కన్నులారా చూచి, వారు వెనుకకు తిరిగిరి. తూలుచు, జారుచు, ఒడలెల్ల మంచు గట్టి, క్రింద సౌత్ కోల్ అను కనుమలోని శిబిరమునకు చేరినపుడు, అక్కడ వారికై హిల్లరీయు టెన్సింగును వేచియుండిరి.

ఆ సాయంకాలము గుడారములలో జరిగిన మాటలు చరిత్రలోని మహోపన్యాసములకు తీసిపోవని నా నమ్మకము. ముందున్న అంచు ఎట్లున్నది, ఒకప్రక్క గాలికి పెరిగి బయటకు వ్రేలాడు మంచుచూరు ఎంతవరకున్నది, రెండవప్రక్క రాయి ఎక్కడ బయలుపడినది, ఏ చోట మంచు నమ్మదగనిది, అని అలసటతో మాట తడబడుచున్నవారు చెప్పగా, మరునాడు పోవలసినవారు వినిరి. చెప్పినవారు చెప్పుటతో విడువలేదు. కొంత ఆక్సిజను మిగిలియున్న రెండు సీసాలను పైదారిలో విడిచివచ్చిరి. 27వ తేదీ గాలికి కదలరాక గడచినది. 29వ తేదీన హిల్లరీ, టెన్సింగులు పైకి పోవుచు ఆ సీసాలను చూచి, వానిపై గట్టిన మంచును గీకి, అందులో ఎంత మిగిలియున్నదో లెక్కచూచుకొని, తిరుగుదారికి అవి అక్కరకు వచ్చునని తెలిసికొన్న తరువాతనే ధైర్యముతో ముందునకు సాగిరి. శిఖరముపై నిలిచినపుడు టెన్సింగు మెడలో ఉన్నది లాంబర్టు ఇచ్చిన ఎఱ్ఱని మఫ్లరు. విజయము ఇద్దరిది, కాని దానికి మెట్లు కట్టినవారిలో వెనుకకు మరలినవారే ఎక్కువమంది.

సామగ్రిని గూర్చిన మాటలు బయటివారికి మరింత విసుగుగా తోచును. బూటును గూర్చి గంటసేపు మాటలాడవచ్చునా అని మనము అనుకొందుము. కాని అదే మే 29వ తేదీ తెల్లవారుజామున, 8,500 మీటర్ల ఎత్తున, సున్నాకు 27 డిగ్రీలు తక్కువైన చలిలో జరిగిన సంగతి వినుడు. రాత్రి టెన్సింగు బూట్లు తొడిగికొనియే పరుండెను. హిల్లరీ తన బూట్లను విడిచి, పడకసంచికి బయట నుంచెను. తెల్లవారి చూచుసరికి అవి కొయ్యవలె బిగిసికొనిపోయినవి. స్టౌ వెలిగించి, ఆ మంటమీద వానిని త్రిప్పుచు, తోలు కాలినవాసన వచ్చుచున్నను లెక్కసేయక, మెత్తబడువరకు సుమారు రెండు గంటలు ఆయన కాచుకొనవలసివచ్చెను. లోకమంతయు ఎదురుచూచుచున్న దినమున రెండు గంటలు బూట్లకు పోయినవి. నాటినుండి నేటివరకు ఎత్తైన శిబిరములలో, తడిసిన బూటులోపలి పొరను తీసి పడకసంచిలో పెట్టుకొని పండుకొనుడని పెద్దవారు పిల్లలకు చెప్పుచునే యున్నారు.

చేతితొడుగుల కథ ఇంతకంటె దారుణము. 1950 జూన్ 3వ తేదీన ఫ్రెంచివారు అన్నపూర్ణ శిఖరమునెక్కి, ఎనిమిదివేల మీటర్లకు మించిన కొండను మానవుడెక్కుట అదియే ప్రథమమని కీర్తి గాంచిరి. దిగుచున్నపుడు నాయకుడైన మారిస్ హెర్జోగ్ మూటను విప్పుటకై తొడుగులను తీసి మంచుమీద ఉంచగా అవి వాలుమీద జారి, దొర్లి, అతడు చూచుచుండగనే లోయలో పడిపోయినవి. మూటలో అదనపు మేజోళ్లు కలవు. వానిని చేతులకు తొడిగికొనవచ్చునను ఆలోచన, ఎత్తువలన మందగించిన ఆ బుద్ధికి తట్టలేదు. చేతివ్రేళ్లును, కాలివ్రేళ్లును పోయినవి. ఈనాడు మంచుకొండలకు పోవు ప్రతివాని తొడుగులకును మణికట్టునకు కట్టుకొను చిన్న త్రాడు ఉండును. శిక్షకులు దానిని కట్టుకొమ్మని గద్దించి చెప్పుదురు. అంత చిన్న త్రాటివెనుక ఎన్ని చేతులు పోయినవో తెలిసినవాడు ఆ గద్దింపును తప్పుపట్టడు.

త్రాటిని గూర్చి కూడ ఒక మాట. 1865 జులై 14న ఆల్ప్సులోని మాటర్‌హార్న్ శిఖరమును మొదటిసారి ఎక్కిన ఏడుగురు దిగుచుండగా, అనుభవము తక్కువైన యువకుడొకడు కాలు జారి ముందున్నవానిని పడద్రోయగా, వరుసగా నలుగురు లాగబడిరి. వారికిని మిగిలిన ముగ్గురికిని నడుమనున్న త్రాడు తెగెను. నలుగురును పోయిరి. తెగినది వారు తెచ్చుకొన్న త్రాళ్లలో అన్నిటికంటె సన్ననిదని తరువాత తెలిసినది. ఎవరైనను బుద్ధిపూర్వకముగా ఆ పని చేసిరా అని విచారణ జరిగినది. ఆ తెగిన త్రాటిముక్కను జెర్మాట్ గ్రామపు ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. నాటి త్రాళ్లు జనుపజాతి నారతో పేనినవి, అవి సాగవు, హఠాత్తుగా పడిన మనుష్యుని బరువునకు తెగును. రెండవ ప్రపంచయుద్ధము తరువాత వచ్చిన నైలాను త్రాడు కొంత సాగి, పడినవాని వేగమును తనలో ఇముడ్చుకొని, అతని నడుమును విరువక నిలుపును. ఐనను రాతి అంచున ఒరసికొన్న త్రాడును, ఎండలో ఏండ్లతరబడి పడియున్న త్రాడును నమ్మరాదని, ఒక్కసారి గట్టిగా పడినవానిని నిలిపిన త్రాటిని చేతితో బారబారకు తడిమి చూచుకొనవలెనని, దిగివచ్చినవారు చెప్పు మాటలలో తరచుగా వినబడును.

మన ఉష్ణదేశమునుండి పోవువారికి వారు చెప్పు మొదటిమాట మాత్రము నూలుబట్టను గూర్చినది. మనకు నూలువంటి సుఖమైన బట్ట లేదు. చెమటను పీల్చును, ఒంటికి చల్లదన మిచ్చును. కాని ఆ సుగుణమే కొండమీద శత్రువగును: చెమటతో తడిసిన నూలు ఎంతకును ఆరక, గాలి తగిలినపుడు ఒంటి వేడిమినంతయు లాగివేయును. అందుచే ఒంటికి ఆనుకొని త్వరగా ఆరు పల్చని పొర, దానిపై వేడిని నిలుపు ఉన్నిపొరయో ఈకలకోటో, అన్నిటిపై గాలిని తడిని ఆపు పొర, ఇట్లు వేసికొని, ఎక్కునపుడు విప్పుచు, ఆగినపుడు తొడుగుచు పోవలెను. క్రొత్తబూట్లతో కొండకు రావద్దని, ఇంటిదగ్గర నెలరోజులైనను తొడిగి తిరుగుమని, దిగునపుడు బొటనవ్రేలు బూటు ముందుభాగమునకు కొట్టుకొనకుండునంత చోటుండవలెనని, గోళ్లు కత్తిరించుకొని రమ్మని కూడ చెప్పుదురు. ఇవి చెప్పుటకు సిగ్గుపడదగినంత చిన్నసంగతులు. నల్లబడి ఊడిపోయిన గోళ్లతో మూడుదినములు దిగినవాడు సిగ్గుపడక చెప్పును.

దెబ్బలను గూర్చి మాటలాడుటయే అన్నిటికంటె కష్టము, అన్నిటికంటె అవసరము. ఎక్కునపుడు ఊపిరి పోవును, దిగునపుడు మోకాళ్లు పోవును. ప్రమాదములు పెక్కు దిగునపుడే కలుగును, ఏలయన అప్పటికి శరీరము అలసియుండును, మనస్సు పని ముగిసినదని తలచుచుండును. నల్లద్దములు మరచి మంచుమీద ఒక పూట నడచినవానికి రాత్రి కండ్లలో ఇసుక పోసినట్లయి, రెండుదినములు చూపు మందగించును. మంచుకాటు విషయమున పాతకాలపు చికిత్స ఎంతటి కీడు చేసినదో తెలిసినచో, మాట మారుట కెంతకాలము పట్టునో అర్థమగును: గడ్డకట్టిన అంగమును మంచుతో రుద్దవలెనని నెపోలియను సేనకు వైద్యుడైన లారే చెప్పిన మాటను నూరేండ్లకు పైగా లోకము నమ్మినది; రుద్దుటవలన అప్పటికే దెబ్బతిన్న కణజాలము మరింత చితికిపోవును. ఇప్పుడు వైద్యులు చెప్పునది, 37నుండి 39 డిగ్రీలవరకు వేడిగల నీటిలో నానబెట్టి కరిగించుట, మరల గడ్డకట్టు భయమున్నచో క్రిందికి చేరువరకు కరిగింపకుండుట. కరిగిన వ్రేలు మరల గడ్డకట్టినచో దక్కదు. గడ్డకట్టిన పాదముతోనైనను నడిచి దిగవచ్చును; కరిగిన పాదముతో నడువరాదు.

ఎత్తువలన కలుగు రోగము ఇంకను మాయావి. సముద్రమట్టమునకు దగ్గరగా పెరిగిన మనవారు ఒక్క దినములో విమానమున లేహ్ నగరమునకు, అనగా 3,500 మీటర్ల ఎత్తునకు, చేరి, ఆ సాయంకాలమే బజారు తిరిగి, రాత్రి తలనొప్పితో, వాంతులతో బాధపడుట తరచుగా జరుగుచున్నది. తలనొప్పి, ఆకలి లేకుండుట, నిద్రపట్టకుండుట మొదటిమెట్టు. ఆపైన ఊపిరితిత్తులలో నీరు చేరుట, మెదడు వాచుట. కూర్చున్నవానికి కూడ రొప్పు తగ్గకున్నను, మడమకు మునివ్రేళ్లు ఆనించుచు ఒక గీతమీద నడువుమన్నపుడు త్రాగినవానివలె తూలినను, అట్టివానిని ఒంటరిగా విడువక, రాత్రియైనను పగలైనను క్రిందికి దింపవలెను. దిగుటను మించిన మందు లేదు. ఊపిరితిత్తులలోని ఈ నీటిని చాలకాలము న్యుమోనియా యని పొరబడుచుండిరి. 1960లో అమెరికా వైద్యుడును పర్వతారోహకుడును ఐన చార్లెస్ హూస్టన్ దానిని వేరుగా వర్ణించి ప్రకటించెను. 1962 చైనాయుద్ధములో మైదానములనుండి మన సైనికులను హఠాత్తుగా హిమాలయములకు తరలింపవలసివచ్చినపుడు, శత్రువుతోపాటు ఎత్తుకూడ వారిని బాధించినది. మన సైనికవైద్యులు, ఇందర్ సింగ్ మున్నగువారు, 1,925 మంది సైనికులలో ఈ రోగమును పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసము లోకమంతట వైద్యులకు మార్గదర్శకమైనది. మూడువేల మీటర్లు దాటిన తరువాత నిద్రించు చోటును దినమునకు అయిదువందల మీటర్లకు మించి పెంచరాదని, మూడునాలుగు దినముల కొకమారు విశ్రమింపవలెనని నేడు చెప్పు నియమములకు వెనుక ఇట్టి అనుభవమెంతో కలదు.

ఇన్ని తెలిసినను ప్రాణములు పోవుట ఏలయనగా, తలనొప్పిని దాచుకొందురు. డబ్బు పోసి వచ్చితిమి, సెలవు పెట్టి వచ్చితిమి, నావలన జట్టంతయు ఆగిపోవునేమో అని, అడిగినవారికి "బాగానే ఉన్నాను" అని చెప్పుదురు. కావున మంచి నాయకుడు ప్రతి సాయంకాలమును ఊరక ఎట్లున్నావని అడుగడు. ఎన్ని లోటాల నీరు త్రాగితివి, మూత్రము ఏ రంగున నున్నది, రాత్రి ఎన్నిమారులు మేలుకొంటివి, అన్నము ఎంత తింటివి అని అడుగును. ఈ ప్రశ్నలకు అబద్ధమాడుట కష్టము.

ఇట్టి మాటలు గాలిలో కలిసిపోకుండ పట్టి నిలిపినవారిలో ఎలిజబెత్ హాలీ అను ఆమెను నేను గౌరవముతో తలచుకొందును. అమెరికాలో జన్మించి, 1960లో పత్రికావిలేఖరిగా ఖాట్మండునకు వచ్చి, 2018లో మరణించువరకు అక్కడనే ఉండి, తాను ఒక్క కొండయు ఎక్కక, కొండలెక్కినవారినందరిని ప్రశ్నించిన స్త్రీ ఆమె. ఏ దేశపు బృందమైనను నగరమునకు వచ్చి హోటలులో దిగినదని తెలిసినంతనే, తన పాత ఫోక్స్‌వేగన్ కారులో అక్కడికి చేరెడిది. పోవునపుడు ఏ దారిని పోయెదరని అడిగెడిది; వచ్చినపుడు ఏ శిబిరము ఏ తేదీన వేసిరి, ఎవరెంత ఎత్తునకు పోయిరి, ఆక్సిజను ఎవరు వాడిరి, ఎవరు మరలిరి, ఏల మరలిరి, ఎవరికి దెబ్బ తగిలినది, అని ఒక్కొక్కటిగా అడిగి వ్రాసికొనెడిది. శిఖరము చేరితిమని చెప్పి, అక్కడినుండి ఏమేమి కనబడినవో చెప్పలేనివారు ఆమె యెదుట తడబడెడివారు. అట్లు దశాబ్దములపాటు కూర్చిన కాగితములు రిచర్డ్ సాలిస్‌బరీ సహాయమున 'హిమాలయన్ డేటాబేస్' అను పేర 2004లో వెలువడినవి. ఏ కొండమీద ఏ దారిలో ఏ కారణమున ఎందరు పోయిరో తెలిసికొనవలెనన్నచో ఈనాడు శాస్త్రజ్ఞులును, యాత్రికులును చూచునది దానినే. అందులో విజయములకెంత చోటు కలదో, నడిదారిలో ఆగిన యాత్రలకును అంత చోటు కలదు.

మన భాషలో ఇట్టి మాటలు పుట్టుటకు చోటు లేకపోలేదు. హైదరాబాదునుండి వరంగల్లు పోవు దారిలో ఒకే బండరాయిగా లేచియున్న భువనగిరి కొండ, చాళుక్యరాజుల కాలమునాటి కోటను నెత్తిన మోయుచు, నేడు రాతినెక్కుట నేర్చుకొను పిల్లలకు పాఠశాలయైనది. అక్కడ ఉదయమున ఎండ ఎక్కకమునుపే చేరిన పిల్లలు హార్నెస్సు బిగించుకొని, త్రాటికొనను ఎనిమిది అంకెవలె మడచి, తోక వెనుకకు త్రిప్పి ముడివేసికొందురు. తాను వేసిన ముడిని తానే నమ్మి ఎక్కుట అక్కడ తప్పు. ఎదుటివాడు వచ్చి, ముడిలోని రెండురెండు పోగులను వ్రేలితో లెక్కించి, కారాబినరు కొక్కెపు తాళము బిగిసినదా యని నొక్కి చూచి, "సరిపోయింది, ఎక్కరా" అనవలెను. పైకి పోవువాడు ఒక మాట అనును, క్రింద త్రాడు పట్టినవాడు బదులు చెప్పును; బదులు వినబడినగాని కాలు కదల్పరాదు. కొండమీది సంభాషణకు అక్షరాభ్యాసము ఇదియే.

ఆ భువనగిరి బండమీద మొదట నేర్చుకొని, పిదప డార్జిలింగులోను లడఖ్‌లోను సాధనచేసి, సాంఘిక సంక్షేమ గురుకులపాఠశాల విద్యార్థులైన నిజామాబాదు జిల్లా మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లా ఆనంద్‌కుమారును 2014 మే 25వ తేదీన టిబెట్టువైపునుండి ఎవరెస్టు శిఖరము చేరిరి; పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. వారికంటె ముందు నెల్లూరు జిల్లాలోని గాంధీజనసంఘమను చిన్న ఊర పుట్టిన మల్లి మస్తాన్‌బాబు, కోరుకొండ సైనికపాఠశాలలో చదువుచున్నపుడు, అదే బడిలో చదివి 1985లో ఎవరెస్టు యాత్రలో ప్రాణము కోల్పోయిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు విగ్రహమును చూచి కొండలమీద మనసు పెట్టుకొని, 2006లో ఏడు ఖండములలోని అత్యున్నత శిఖరములను 172 దినములలో ఎక్కెను. 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా శిఖరమునకు బయలుదేరి ఆయన తిరిగిరాలేదు. ఏప్రిల్ మొదట దేహము దొరకినది, పిదప స్వగ్రామమునకు చేర్చబడినది. ఆయన నడచిన మంచుదారులలో ఎచ్చట ఏమి నేర్చుకొన్నాడో, ఏ కొండ ఆయనకు ఏ పాఠము చెప్పినదో, తెలుగుపిల్లలు ఆయన నోట ఇంకెన్నియో యేండ్లు వినవలసియుండినది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రములనుండియు గిరిజనగ్రామముల పిల్లలు, కళాశాల విద్యార్థులు, పోలీసు ఉద్యోగులు, గృహిణులు కూడ కొండలకు పోవుచున్నారు. తిరిగివచ్చినవారికి సభలు చేసి శాలువలు కప్పుట మంచిపనియే; ఆ గౌరవము వారికి తగును. సభ ముగిసిన మరునాడు వారిని ఒకచోట కూర్చుండబెట్టి, కాగితము కలము పట్టుకొని, ఏ నెలలో ఏ దారిని పోయితిరి, మంచు ఎట్లుండెను, ఏ వస్తువు చెడినది, ఏది లేక ఇబ్బందిపడితిరి, ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలినది, ఏమి చేసితిరి, అని తెలుగున అడిగి, వారు చెప్పిన తెలుగుననే వ్రాసి అచ్చువేయించు పనికి ఏ గ్రంథాలయమైనను, ఏ విశ్వవిద్యాలయమైనను పూనుకొన్నచో, హిందీయు ఇంగ్లీషును అంతగా రాని పల్లెపిల్ల యొకతె శిక్షకుని మాట సగము అర్థమై సగము అర్థముకాక కొండకు పోవలసిన అవస్థ తప్పును. ఆ సంపుటములో శిఖరముపై జెండా పట్టుకొన్నవారి ప్రక్కనే, ఎనిమిదివేల మీటర్లవరకు పోయి గాలి చూచి వెనుకకు తిరిగినవారినిగూడ పిలిచి, వారు ఏ రాతివద్ద ఆగిరో, ఏమి చూచి ఆగిరో, పూర్తిగా చెప్పనిచ్చి వ్రాసికొనవలెనని నా కోరిక.